గురువారం పేరు

ఆ ప్రాజెక్టు ఇప్పటికీ నెట్‌లో ఉంది. కౌమార దశలో గిరిజన బాలికల ఎదుగుదల, సమస్యలు అని పెద్ద శీర్షిక. వెతికితే అర నిమిషంలో దొరుకుతుంది. ఏడాదికోసారి తెరుస్తాను, మూడో అధ్యాయం దాకా చదువుతాను, ఒళ్లు మండి మూసేస్తాను.

ఆ అధ్యాయంలో ఉన్న పిల్లకి నా పేరుంది. కథ మాత్రం నాది కాదు.

నేను అరకు దగ్గర హాస్టల్లో పదో తరగతి చదువుతుండగా, వానాకాలంలో, పార్వతీపురం వైపు నుంచి ఒక అక్క వచ్చింది. పీజీ చేస్తోంది. వయసొచ్చే పిల్లలు ఏమనుకుంటారో, దేనికి భయపడతారో రాసుకుని కాలేజీకి ఇవ్వాలట. మూడు వారాలు మాతోనే పడుకుంది, మాతోనే చోడి అంబలి, అదే రాగి జావ, తాగింది, మా జడలు అల్లింది. అందరినీ "చెల్లీ" అని పిలిచేది. ఆ పిలుపుకే మురిసిపోయాం గానీ, మాలో ఎవరి పేరూ ఆమెకి పట్టలేదని అప్పుడు తెలీలేదు.

కొందరు పిల్లలకి మనసులో మాట తెలుగులో రాదు. ఒడియా కలిసిన మా ఇంటి భాషలోనే వస్తుంది. వాళ్ల మాటని తెలుగులో చెప్పే పని అక్క నాకు అప్పగించింది. అంతమందిలో నన్నే ఎంచుకుందని నా కాళ్లు నేలమీద ఆనలేదు.

"ఎవరికీ భయమొద్దు. పేర్లన్నీ మార్చేస్తాను" అని అక్క అందరి ముందూ చెప్పింది.

నా పక్క మంచం పిల్ల, నా ప్రాణ స్నేహితురాలు, ఆ మాట నమ్మి నోరు విప్పింది. తను పెద్దమనిషై ఏడాది దాటింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే మేనత్తవాళ్లు సంబంధం ఖాయం చేసుకోవడానికి జీలుగు కల్లు కుండ పట్టుకొస్తారు. కుండ దించుకున్నారంటే మాట ఇచ్చినట్టే, ఇక బడి ఉండదు. అందుకే సెలవులకి ఇంటికెళ్లినా, నెలలో ఆ రోజులు రాకముందే ఏదో వంక పెట్టి తిరిగొచ్చేసేది. ఏడుస్తూ చెప్పింది. ఒక్కో మాటా నేనే తెలుగు చేసి అక్కకి అందించాను.

మా కొండల్లో చాలామందికి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. నా స్నేహితురాలిది సోమవారం పేరు. హాస్టల్లో ఆ పేరువాళ్లు ఆరుగురు, ఊరు కూడా కలిపి పిలిస్తేగానీ ఎవరూ పలకరు. గురువారం పేరు నా ఒక్కదానిదే. అక్క సోమవారం పేరు తీసేసి గురువారం పేరు పెట్టింది. కొండ పేరులాగే వినపడాలనుకుంది కాబోలు.

డిసెంబరులో కాలేజీవాళ్లు దాన్ని నెట్‌లో పెట్టారు. అక్క సంబరంగా ఆ లింకు మా వార్డెన్‌కి పంపింది. వార్డెన్ అంతకంటే సంబరంగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. హాస్టల్ పేరు లేదు గానీ, అరకు లోయ ఉంది, పదో తరగతి ఉంది, నా పేరుంది. ముంచింగిపుట్టు సంతలో మా పెదనాన్న కొడుకు ఫోన్ తీసి నాన్నకి చదివి వినిపించాడట, పక్కన, నన్ను తన కొడుక్కి అడుగుతున్న మా మేనత్త ఉండగా.

మర్నాడు పొద్దున్నే నాన్న హాస్టల్ వరండాలో ఉన్నాడు.

"మీయమ్మ అడిగినప్పుడల్లా ఇంకా అవనేదన్నావు. ఏటిది మరి? సంవత్సరం పాటు దాసినారేటని మీ అత్త సంతలో నన్ను నిలదీసింది."

"అవలేదు నాన్నా. ఒట్టు, ఇంకా అవలేదు."

"పేరు నీదే కదే!"

నిజంగానే నాకింకా కాలేదు. తోటివాళ్లందరికీ అయి నాకే కాలేదని లోపల దిగులు కూడా ఉండేది. నా స్నేహితురాలు గుమ్మంలోనే నిలబడి అంతా వింది. నేను తనవైపు చూశాను. తను బకెట్ తీసుకుని కొళాయి దగ్గరికి వెళ్లిపోయింది. నిజం చెప్పమని నేను అడగలేదు, చెబితే తన బడి పోతుంది. కానీ ఒక్కసారి వెనక్కి తిరిగి చూడొచ్చు కదా. అదీ చేయలేదు.

వార్డెన్ ఫోన్ తీసుకుని అక్కకి చేశాను. "అక్కా, అది నేను కాదని మా నాన్నకి ఒక్క మాట చెప్పు. ఎవరో చెప్పక్కర్లేదు."

"అలా చెప్పకూడదు చెల్లీ. ఒకరు కాదంటే మిగతావాళ్ల మీదకి అనుమానం పోతుంది. రహస్యం కాపాడతానని రాసిచ్చాను. అయినా అది ఊరికే పెట్టిన పేరు. నువ్వు కానప్పుడు నీకెందుకు భయం?"

ఫోన్ వార్డెన్‌కి తిరిగిచ్చేశాను. ఇంతా చేసి ఆమె తన నియమం తప్పలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నాన్న నా ట్రంకుపెట్టె జీపు మీద కట్టించాడు. సర్దుతున్నంతసేపూ నా స్నేహితురాలు గదిలోకి రాలేదు. నా లెక్కల నోట్సు తన దగ్గరే ఉండిపోయింది. అడిగి తీసుకోవడానికి మనసొప్పలేదు.

వారం తిరక్కుండా అత్తవాళ్ల కల్లు కుండ మా ఇంట్లో దిగింది. పదో తరగతి అయ్యేదాకా ఆ ఊసెత్తొద్దని అత్తని అన్నాళ్లూ ఆపినవాడు నాన్నే. "పిల్లని దాసుకున్నామన్న మాట పడ్డాను. ఇంక కాదనడానికి నాకు నోరేదీ?" అన్నాడు. నేను ఆడని అబద్ధానికి ఆయన తల దించుకున్నాడు.

జనవరి చివర్లో కాఫీ పళ్లు కోస్తుండగా కడుపులో నొప్పొచ్చింది. చూసుకుంటే నెత్తురు. భయం వేయలేదు, సంతోషమేసింది. ఇప్పుడు నమ్ముతారు అనుకున్నాను. పరీక్షలకి ఇంకా నెలన్నర పైనే ఉంది. నాన్న వెళ్లి అత్తతో గట్టిగా మాట్లాడతాడు, ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటాడు, నేను బడికెళ్తాను. బుట్ట అక్కడే వదిలేసి వాలు దిగి ఇంటికి పరిగెత్తాను.

అమ్మ వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. ఆయాసపడుతూనే చెవిలో చెప్పాను. చేట ఆపకుండానే నావైపు ఒకసారి చూసింది.

"ఊరుకోయే గుంటా. నిరుడే అయిపోయావని ఊరంతా సదివీసినారు. ఇప్పుడు కొత్తగా ఏటి సెప్తావు?"