బెల్టు తీసిన కుట్టుమిషను

వనపర్తిలో పిల్లల డాక్టరు గది బయట, బల్ల మీద కూర్చుని నా కూతురు కాళ్లు ఊపుతోంది. మడమ ఇనుప కోడుకు తగిలి టక్, టక్‌మని చప్పుడు. అందరూ మావైపే చూస్తున్నారు. డాక్టరు ఇందాకే ఓపికగా చెప్పారు: ఇది పెంకితనం కాదు, బద్ధకం కాదు, ఏడీహెచ్‌డీ. దృష్టి నిలవదు, ఒళ్లు ఆగదు, చేయాల్సిన పని బుర్రలోంచి జారిపోతుంది, తిడితే తగ్గేది కాదు. ఆయన గద్వాలలో నా చిన్నతనం గురించి చెబుతున్నట్టే ఉంది. ఆ పేరు తెలియకుండానే అప్పట్లో నన్ను అర్థం చేసుకున్న మనిషి ఒక్కరే, మా పక్కింటి రబియా ఆపా.

నన్ను ఎవరూ ఆటకు పిలిచేవారు కాదు. మధ్యలో వదిలేసి పోతానని వాళ్ల బాధ. బడిలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టేవారు. గాలి సోకిందేమోనని నాన్న దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాడు. మూడో రోజుకల్లా ఆ తాయెత్తు కూడా పారేసుకున్నాను! పదో తరగతికి వచ్చాక నాన్న తేల్చి చెప్పేశాడు. "ఫెయిలైనవంటే ఇగ బడి బంద్. సీడు పత్తి చేన్ల పూలకు క్రాసింగు చేసే కూలికి పోవుడే."

రబియా ఆపాకు ఎవరూ లేరు. జాకెట్లు కుట్టి బతికేది, అక్షరం ముక్క రాదు. ఒక సాయంత్రం అమ్మ జాకెట్టు కోసం వెళ్లి, ఆమె హుక్కులు కుట్టేలోపు గది చుట్టూ పదిసార్లు తిరిగాను. తిట్టలేదు. నా కాళ్లకేసి చూసింది.

"నీ కాళ్లు ఖాళీగ ఉండలేవు బేటా. వాటికి జర పని పెడదాం."

మూలనున్న పాత కాలుమిషను బెల్టు తీసేసింది. ఇక ఎంత తొక్కినా సూది కదలదు. "తొక్కుకుంట సదువు. నాకు ఈ హెమ్మింగ్ అయ్యేదాంక, గంతే. అయినంక బయట ఉరికి రా."

నవ్వొచ్చింది, అయినా తొక్కాను. కాళ్లు కింద తిరుగుతుంటే కళ్లు పుస్తకంలో నిలిచాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక పేజీ చివరిదాకా చదివి భోరున ఏడ్చాను.

"అరే, ఏమైందే?"

"పేజీ అయిపోయింది ఆపా."

ఏడాదంతా అలాగే చదివాను. ఒక జాకెట్టు హెమ్మింగు, ఒక పరుగు.

పరీక్షలయిన వారానికే ఆపా ఆత్మకూరులో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. చూపు మందగించింది, కుట్టలేకపోతోంది. పోతూ ఒక్కటే అడిగింది. "మార్కుల మెమో తెచ్చి నా చేతుల పెట్టు. నాకు సదువు రాదు గని, పట్టుకొని సూస్త." తెస్తానని ఒట్టేశాను.

పాసయ్యాను. వెళ్లలేదు. రేపు పోదామనుకోవడం, రేపటికి మరిచిపోవడం. ఒకసారి బస్సెక్కాను కూడా. కిటికీలోంచి ఏదో చూస్తూ ఆత్మకూరు దాటిపోయి వనపర్తిలో తేలాను. నా మీద నాకే అసహ్యమేసి, వచ్చేటప్పుడు దారిలో దిగకుండా ఇంటికి వచ్చేశాను. అలా రెండేళ్లు. ప్రేమ లేక కాదు, ఒట్టు! కానీ ఎదురుచూసే మనిషికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

చివరికి వెళ్లినప్పుడు ఆపా చెల్లెలు తలుపు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"గద్వాల పిల్లవా? అక్క పోయిన రంజాన్ల కన్నుమూసింది బిడ్డా. ముందురోజు గూడ అడిగింది, పిల్ల వొచ్చిందా అని. ఇంకేడ పిల్ల, నిన్నెప్పుడో మర్సిపోయింది అని నేనే కోపం జేసిన. పిల్ల నన్ను మర్సిపోలే, రానీకె మర్సిపోయింది అని అక్క అన్నది."

గుమ్మంలోనే ఏడ్చాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. "మెమో తెచ్చినవా? ఇటియ్యి. అక్క బదులు నేను పట్టుకుంట."

సంచిలో చెయ్యి పెట్టాను. పుస్తకాలున్నాయి, దువ్వెన ఉంది, తిరుగు బస్సు చార్జీ ఉంది. మెమో గద్వాలలో, మంచం మీదే ఉండిపోయింది.

"మర్సిపోయిన" అన్నాను. రెండేళ్ల తర్వాత ఆపా ఇంటికి నేను తీసుకుపోగలిగింది ఆ ఒక్క మాటే. ఇవాళ్టికీ దాన్నే మోస్తున్నాను.