పాప తలకు ఎంత పెట్టినవ్ బిడ్డా?

మా ఇంట్లో పత్తికి పురుగుమందు కలిపేది నా కొడుకు. ఎన్ని మూతలు పోయాలో డబ్బా మీద రాసే ఉంటుంది. అయినా పైన ఇంకో మూత పోస్తే గానీ వాడికి నిద్ర పట్టదు. ఒక ఏడు ఆకంతా మాడిపోయింది. ఆ డబ్బా మీది అక్షరాలు చదవాలనే నేను యాభై దాటాక పలక పట్టాను. ఇప్పుడు కనబడ్డదల్లా చదువుతాను, పైకే చదువుతాను. విసుగైతే చెవులు మూసుకోమని ఇంట్లోవాళ్లకు చెప్పాను.

మొన్న వానాకాలంలో ఐదేళ్ల నా మనవరాలు ట్రాక్టరు ట్రాలీ మీది నుంచి పడింది. తలకు దెబ్బ తగిలింది. మా ఊరు లింగాల నుంచి నాగర్‌కర్నూల్ దవాఖానాకు పోయేదాకా కక్కుతూనే ఉంది. లోపల రక్తం కారిందేమో స్కానింగు తీసి చూడాలన్నాడు డాక్టరు.

స్కానింగు తీసే అమ్మాయికి నా కొడుకు చేతులు జోడించాడు. "మేడం, జర ఎక్కువ పెట్టుండ్రి. ఫొటో సాఫ్‌గ రావాలె."

నాకు ఒళ్లు మండింది. "పత్తిని మాడగొట్టింది సాలలేదా? పిల్లను గూడ మాడగొడ్తవారా?"

ఆ అమ్మాయి నవ్వలేదు. "అవ్వ చెప్పింది నిజమే అన్నా. ఇవి కిరణాలు. ఎక్కువైతే పిల్లలకు మంచిది గాదు. గిటు రా అవ్వా, చూడు."

పక్కగదిలో కంప్యూటరు తెర చూపింది. మిషను కిరణాలు ఎంత పెట్టబోతుందో ఫొటో తీయకముందే అక్కడ పడుతుందట. పెద్దవాళ్ల లెక్కలో ఉన్న అంకెను పైకి చదివాను. ఆమె పిల్లల లెక్కకు మార్చగానే అంకె దిగిపోయింది. నాకు సంబరమైంది. ఇంత పెద్ద మిషనుకూ మూత లెక్క ఉంది!

"గింత తక్కువల కనబడ్తదా?" అన్నాడు కొడుకు.

"చిన్న తలకాయకు ఇది చాలు. కానీ పాప కదిలితే ఫొటో చెదుర్తది, మల్ల తీయాలె. మల్ల తీస్తే మల్ల గంత పడ్తది."

అంటే ఒక్కసారికే రావాలి. ఆ పని నాది. కిరణాలు నా మీద పడకుండా సీసం కోటు తొడిగారు. తడిసిన గొంగడి కప్పుకున్నంత బరువు. బల్ల మీద పాప ఏడుపు ఎత్తుకుంది. పేలు చూసేటప్పుడు ఇది మెదలదు, మెదిలితే నేను కథ ఆపేస్తానని దానికి తెలుసు. ఇక్కడ తల ముట్టుకోనివ్వరు కాబట్టి పాదం పట్టుకుని ఆ కథే మొదలుపెట్టాను.

"నక్క బావిల పడ్డది..."

"పడ్డంక ఏమైందవ్వా?"

"కదలకుంటెనే చెప్త."

పిల్ల బొమ్మలా బిగుసుకుంది. మిషను గిర్రున తిరిగింది. అద్దం వెనక నుంచి అమ్మాయి బొటనవేలు ఎత్తి చూపింది. ఒక్కసారికే వచ్చింది!

కోటుతోనే ఉరికాను. "పాప తలకు ఎంత పెట్టినవ్ బిడ్డా?"

ఈ మాట ఎవరూ అడగరట. ఫొటో ఎప్పుడిస్తారనే అడుగుతారట. తీశాక పడ్డ అంకె చూపింది. దాదాపు ముందు చూపినంతే. మిషను మాట తప్పలేదు.

డాక్టరు ఫొటో చూసి లోపల రక్తం లేదన్నాడు. నా కొడుకు అక్కడే కూలబడి ఏడ్చాడు. పాప మాత్రం నా కొంగు గుంజింది. "అవ్వా, ఇంకోపారి పోదాం. మంచిగ తిర్గుతది. నక్క ఏమైందో గాడ్నే చెప్పు."

"ఒక్క మూత చాలే," అన్నాను. దవాఖానా వరండాలోనే కూర్చుని నక్కను బావిలోంచి తీశాను.