అశ్వగంధకు నేనిచ్చిన సర్టిఫికెట్

డెబ్బైల మొదట్లో పటాన్‌చెరులోని ఒక ఫ్యాక్టరీలో నేను ఇన్‌స్పెక్టర్‌ని. గేజీ పెట్టి కొలత చూడకుండా ఒక్క బోల్టును కూడా నా బల్ల దాటనిచ్చేవాణ్ణి కాదు. అంత ఖచ్చితమైన మనిషినని నాకు మహా పొగరు.

ఒక ఏడాది పని ఒత్తిడి పెరిగి మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునుకు, పలకరిస్తే కసురు పట్టుకున్నాయి. మేం అద్దెకున్న ఇంటి పెద్దావిడ చూడలేక, అశ్వగంధ వేరు దంచిన పొడి ఇచ్చి పాలల్లో తాగమంది.

"ఇది తాగినన్ని దినాలు ఛాయ్ ముట్టొద్దు బిడ్డా. ఓవర్‌టైం బందువెట్టు. జల్దీ పండుకో" అని పథ్యం కూడా చెప్పింది.

రోజుకు పది టీలు తాగేవాణ్ణి, బుద్ధిగా మానేశాను. ఓవర్‌టైం కూడా మాని పెందలాడే పడుకున్నాను. నెల తిరిగేసరికి గుర్రంలా తయారయ్యాను. ఇక క్యాంటీన్‌లో నా ఉపన్యాసాలకు అడ్డు లేదు. పెద్దావిడ దగ్గరే మరికొంత తెచ్చి, నీరసంగా ఉన్న నలుగురికి పొడి పంచాను. పథ్యం సంగతి మాత్రం చెప్పలేదు. అదేదో ముసలమ్మ చాదస్తమనుకున్నాను. నలుగురిలో ఒక్కడికీ నీరసం తగ్గలేదు.

పొడి పాతబడిందేమోనని పెద్దావిడ మీదికే తగువుకు వెళ్లాను.

"ఆళ్లు ఛాయ్ మానిండ్రా? జల్దీ పండుకున్నరా?" అని అడిగింది.

ఆ సంగతే వాళ్లకు చెప్పలేదని ఒప్పుకున్నాను. "అయితే నాకు తగ్గింది పొడితో కాదా అమ్మా?"

"అది నాకేం ఎర్క? ఊకె పండుకోమంటే నువ్వు ఇంటవా? అందుకే పొడి ఇచ్చిన."