గుట్ట మీది మఠం, మామిడి కొత్త

భద్రాచలం అడవి అంచున ఒక గుట్ట మీద చిన్న మఠం ఉంది. మా ఆయన పోయిన ఏడాది వేసవంతా నేను అక్కడే తలదాచుకున్నాను. ఖమ్మంలో మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఓదార్పు పేరుతో పుండు మీద కారం చల్లిపోతుంటే తట్టుకోలేక పారిపోయానన్నది నిజం.

మఠంలో ఒక్క ముసలి స్వామే ఉండేవాడు. మఠం చరిత్ర చెప్పమంటే, "నాకేం తెల్సు బిడ్డా, కింది ఊరోళ్లని అడుగు" అని చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేవాడు. నాకు ఒళ్లు మండేది.

చివరకు ఇప్పపువ్వు ఏరుకోవడానికి వచ్చిన కోయ అవ్వ చెప్పింది. మొదటి స్వామి ఎక్కడి నుంచో మండుటెండలో నడిచి వచ్చాడట. ఆకలి రుచి ఎరగదంటారు, నియమం అసలే ఎరగదు. ఊళ్లో మామిడి కొత్త పండుగ కాకముందే చెట్టు కింద కాయలు ఏరుకుని తినేశాడు. దేవతకు పెట్టనిదే ఆ ఊళ్లో ఎవరూ కొత్తకాయ ముట్టరు. పెద్దలు పంచాయితీ పెట్టారు.

"తరుముతరనుకున్నడు. మా తాతలేమో, గుట్ట మీదనే ఉండు, గని ఇగ మాతోనే కొత్త తినాలె అన్నరు. గప్పట్నుంచి గుట్టోళ్లు రానిది మేం తినం, మేం తిననిది వాళ్లు తినరు," అంది అవ్వ.

పండుగ రోజు స్వామి దిగివెళ్తూ నన్నూ రమ్మన్నాడు. తలనొప్పి అన్నాను. అసలు సంగతి వేరు. ఖమ్మంలో దగ్గరివాళ్ల గృహప్రవేశంలో కుంకుమ పళ్లెం నా ముందుకు వచ్చి, ఆగి, పక్కామె దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ అలాంటిది చూసే ఓపిక నాకు లేదు.

మధ్యాహ్నం దాటాక అవ్వ రొప్పుతూ గుట్టెక్కి వచ్చింది.

"ఏంది బిడ్డా, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నరు. జల్దీ రా."

"నా కోసం ఆగడమేంటి అవ్వా? మొగుడు పోయినదాన్ని. పండుగ పూట నేనెందుకు?"

"నా మొగుడు పోయి ఎన్నేండ్లాయె! నేను తినుడు బంద్ జేసిన్నా? గుట్ట మీద ఒక్కలు మిగిలినా ఊరు తినదు. నడువ్."

వెళ్లాను. ఊరు ఊరంతా నోరు కట్టుకుని కూర్చుని ఉంది, నా కోసం. ఆ మేలు ఈ జన్మకు మరవను. అవ్వ ఆకులో మామిడి ముక్కలు పెట్టి ఇచ్చింది. నేను నోట్లో వేసుకునేదాకా చూసి, పిల్లల వైపు తిరిగింది.

"ఇగ తినుండ్రి. అందరం వచ్చినం."