పిన్ని చేతులు కట్టుకున్న పూట

ఎదుటివాళ్ళ చేతిలో పని చూస్తే కుట్టు పిన్నికి చెయ్యి ఊరుకోదు. సూదిలో దారం ఎక్కిస్తూ ఎవరైనా తడబడితే చాలు, "ఇటివ్వు" అని లాక్కుంటుంది. కింద గదిలో బట్టలు కుడుతుంది, పైన డాబా మీద మొక్కలు పెంచుతుంది. రెండింటిలోనూ ఆమె పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. పాత బకెట్లలో ఆమె కాయించిన టమాటాలు చూసే, వీధివాళ్ళు ఆమెను మొక్కల పెంపకం నేర్పే వాలంటీర్ల శిక్షణకు పంపారు. శిక్షణలో నెగ్గితే, నీళ్ళ ట్యాంకు పక్కనున్న ఖాళీ జాగాలో తోట వేసే పని ఆమె చేతికొస్తుంది. ఆ జాగా మీద పిన్నికి ఎప్పటినుంచో కన్ను.

శిక్షణ ఇచ్చే మేడం నర్సరీలో పనిచేసి పైకొచ్చిన మనిషి. ఉపన్యాసాలు చెప్పదు. మట్టి పిడికిట్లో పిసికి, విప్పి, "విడిపోవాలి, ముద్దకట్టకూడదు" అని తర్వాతి పనికి పోతుంది. మొదటి రోజే పిన్నికి నచ్చింది. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. నేర్చుకున్నది ఇరుగుపొరుగువాళ్ళకు నేర్పి చూపించాలన్నారు. పిన్ని ఎదురింటి దంపతులకు నేర్పింది. మేడం చూడ్డానికి వచ్చేసరికి వాళ్ళ తొట్లలో మొక్కలు నవనవలాడుతున్నాయి. మేడం మొక్కల్ని వదిలేసి మనుషుల్ని అడిగింది, విత్తనం ఎంత లోతున వేశారని. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ పిన్ని మొహం చూశారు. విత్తింది పిన్ని, కర్రలు కట్టింది పిన్ని. వాళ్ళు పక్కన నిలబడి నీళ్ళ చెంబు అందించారంతే.

"మొక్కలు పాసయ్యాయి పిన్నిగారూ, మీరు కాలేదు" అంది మేడం. "ఆదివారం మళ్ళీ వస్తాను. ఏమీ తెలియని మనిషికి నారు నాటడం నేర్పండి. మీరు మాత్రం నారు ముట్టుకోకూడదు. ముట్టుకున్నారా, జాగా ఇంకొకరికి."

ఏమీ తెలియని మనిషి ఇంట్లోనే ఉంది. పిన్ని తోడికోడలు. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి తొట్టెలో చెయ్యి పెట్టబోతే పిన్ని "ఇటివ్వు" అంది. ఆ తర్వాత ఆవిడ డాబా మీదికి బట్టలారేయడానికి తప్ప రాలేదు. ఇప్పుడు సంగతి చెప్పి అడిగితే పొట్ట పట్టుకుని నవ్వింది.

"చెయ్యి పెట్టకుండా నువ్వు నేర్పుతావా అక్కా? టికెట్టు పెట్టినా జనం వస్తారు."

ఆదివారం పొద్దున మేడం వచ్చి డాబా మీద గోడవార నిలబడింది. పిన్ని మొగుడు కుర్చీ వేసుకు కూర్చుని, చేతులు కట్టెయ్యడానికి తాడు తెమ్మంటావా అని అడిగాడు. పిన్ని చేతులు కట్టుకుని, వేళ్ళు చంకల్లో బిగించింది.

తోడికోడలు చెంచాతో ట్రేలోని నారు కింద మట్టి కెలికింది. పిన్ని "అలా కాదు, ఇలా" అంది. "ఎలా?" అందావిడ. పిన్ని ఇన్నేళ్ళూ చేతులు చేసుకుపోయిన పనిని మాటల్లో ఎప్పుడూ పెట్టలేదు. "చెంచా ఏటవాలుగా దించు. మొక్క వేళ్ళ కిందనుంచి మట్టితో సహా ఎత్తు" అంది చివరికి, ఒక్కో మాటా వెతుక్కుంటూ. మట్టితో సహా లేచింది. తోడికోడలు మొహం వెలిగింది. ఆ సంబరంలో మొక్కను లేత కాడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంది.

పిన్ని భుజం కదిలింది. ఒక్క అడుగేసి లాక్కుంటే మొక్క బతుకుతుంది. అడుగు వెయ్యలేదు. చెబుదామనుకునేలోపే కాడ పుటుక్కుమంది.

తోడికోడలు విరిగిన మొక్కను అరచేతిలో పెట్టుకు చూసింది. పిన్ని తిడుతుందని కాసేపు ఆగింది కూడా.

"ఎందుకు విరిగింది అక్కా?"

ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నా, మొక్కల గురించి ఆవిడ పిన్నిని అడిగిన మొదటి మాట అదే. పిన్ని గొంతు మెత్తబడింది. కాడ పట్టుకోకూడదనీ, ఆకు పట్టుకోవాలనీ, టమాటా అయితే కింది ఆకుల దాకా మట్టిలో దించినా ఆ కాడకే వేళ్ళు పుడతాయనీ చెప్పింది. తోడికోడలు ఇంకోటి ఎత్తింది, ఈసారి ఆకు పట్టుకుని. పొడుగు తొట్టెలో గుంట చేసి దించింది, అదిమింది, చెయ్యి అడ్డం పెట్టి మెల్లగా నీళ్ళు పోసింది. ట్రే ఖాళీ అయ్యేదాకా పిన్ని వేళ్ళు చంకల్లోంచి రాలేదు.

అప్పుడు మేడం దగ్గరికొచ్చి, ఆకే ఎందుకు పట్టుకోవాలని తోడికోడల్ని అడిగింది. ఈసారి పిన్ని మొహం ఎవరూ చూడలేదు.

"ఆకు ఊడితే ఇంకోటి వస్తుందండీ. కాడ విరిగితే మొక్కే పోతుంది. ఇందాక నా చేత్తోనే విరిచాగా" అందావిడ.

మేడం సంచిలోంచి జాగా గేటు తాళంచెవి తీసి పిన్ని చేతిలో పెట్టింది.

సాయంత్రం పిన్ని ఒక్కతే డాబా ఎక్కింది. వరస వంకరగా ఉంది. చివరి మొక్క ఒకపక్కకి ఒరిగింది, రెండు వేళ్ళతో సర్దితే సరిపోయే పని. పిన్ని దాన్ని చాలాసేపు చూసి, మెట్ల దగ్గరకు వెళ్ళి కిందికి కేకేసింది.

"చివరిది ఒరిగిందే. తీరిగ్గా వచ్చి చూసుకో."