నా విజిల్ ముందే మోగింది

ఈ ఏడు మా దమ్ము పరీక్ష గచ్చిబౌలిలోని ఆ అద్దాల భవనంలోనే పెట్టారు. నా ఊపిరితిత్తులు పాడైంది ఆ భవనం మెట్ల మీదే. ఊళ్లో ఇంకెక్కడా మెట్లు దొరకనట్టు!

నేను ఫైర్‌మన్‌ని. మా పరీక్ష చెప్పుకోవడానికి తేలికే. వీపున గాలి సిలిండరు, ముఖానికి మాస్కు, భుజాన గొట్టం చుట్ట, ఆగకుండా పై అంతస్తుకి ఎక్కాలి. దమ్మున్నవాడికి సిలిండరు చాలాసేపు వస్తుంది. రొప్పేవాడు దాన్ని గబగబా తాగేస్తాడు. గాలి అయిపోవస్తుంటే విజిల్ మోగుతుంది. పొగలోకి ఎప్పుడూ ఇద్దరం జతగా వెళ్తాం, ఎవరి విజిల్ మోగినా ఇద్దరమూ బయటికి రావాల్సిందే. అందుకే దమ్ము తక్కువైనవాణ్ణి లోపలికి పంపరు. అది న్యాయమే, నేను కాదనను. తప్పినవాణ్ణి వాచ్‌రూమ్‌లో ఫోన్ దగ్గర కూర్చోబెడతారు. నా లెక్కలో అది బతికుండగానే ఫోటోకి దండ వేయడం.

నేను నార్సింగిలో పుట్టినవాణ్ణి. ఖాజాగూడ రాళ్లు ఎక్కి దిగి పెంచుకున్న దమ్ము నాది. పోయిన ఎండాకాలం దాకా మా స్టేషన్‌లో అందరికంటే చివర మోగేది నా విజిలే. అప్పుడు ఆ భవనం అంటుకుంది. మెట్ల దారి నిండా పాత కుర్చీలు, అట్టపెట్టెలు. స్పృహ తప్పిన ఒకమ్మాయిని భుజాన వేసుకుని దిగుతుంటే కుర్చీ కాలు తగిలి మాస్కు ఊడింది. సర్దుకుందామంటే చేతులు ఖాళీ లేవు. పొగ మింగుతూనే కిందికి వచ్చాను. ఆ పిల్ల బతికింది. దవాఖానలో డాక్టరు నా ఎక్స్‌రే చూసి, ఇక మెట్లు తగ్గించమన్నాడు.

పరీక్ష రోజు అవే మెట్లు తళతళలాడుతున్నాయి. వస్తున్నామని ముందే చెప్పాం కదా మరి! భవనం మేనేజరు నీళ్ల సీసాతో ఎదురొచ్చాడు.

"ఈ వయసులో ఇంత కష్టం ఎందుకండీ? రోజూ కాస్త వాకింగ్ చేయండి, స్టామినా అదే వస్తుందండీ."

ఒళ్లు మండిపోయింది. మాస్కు తగిలించుకుని ఉండబట్టి అతను బతికిపోయాడు.

సగం దాకా బాగానే ఎక్కాను. ఆ తర్వాత ఛాతీని ఎవరో తడిగుడ్డలా పిండడం మొదలుపెట్టారు. వెనకే ఎక్కుతున్న నా జోడీ మాస్కులోంచే అరిచాడు. "అన్నా, జర నిమ్మలంగ! ఫికర్ చెయ్యకు, నేనున్న గద!"

అంతలో నా విజిల్ మోగింది. పరీక్షలో ఎవరి దమ్ము వాళ్లదే, అతను పైకి పోవచ్చు. అయినా ఇన్నేళ్ల అలవాటు, విజిల్ వినగానే నాతోపాటు వెనక్కి తిరిగాడు.

"నీకేమన్న పిచ్చా? పో పైకి!" అని తిట్టి తోలాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

కింద మా ఆఫీసరు నా ముఖం చూడకుండానే అన్నాడు. "ఇగ నువ్వు వాచ్‌రూమ్‌ల కూసో."

ఆయన వెనక గోడకి ఆ భవనానికి వచ్చిన భద్రతా అవార్డు వేలాడుతోంది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. నాకు పరీక్ష, వాళ్లకు పతకం.

మొన్న మధ్యాహ్నం ఫోన్ మోగింది. అదే మేనేజరు. పై అంతస్తులో పొగ వస్తోందట.

"మెట్ల దారి ఖాళీ ఉందా?" అని అడిగాను.

"వినాయక చవితి మండపం సామాను పెట్టామండీ... తీయించేస్తున్నామండీ."

గంట కొట్టి బయటికి పరుగెత్తాను. నా జోడీ అప్పటికే ఇంజిన్ ఎక్కేశాడు. పక్కన, నా చోట్లో, ఇంకొకతను.

"మెట్ల మీద సామానుందంట. మాస్కు పట్టీ గట్టిగ గుంజి కట్టుకో" అని అతనితో అన్నాను.

అతను తల ఊపాడు. బండి కదులుతుంటే నా జోడీ అలవాటు కొద్దీ నన్ను ఎక్కించుకోవడానికి చెయ్యి చాచాడు. మరుక్షణం గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు.