మా వాటా షవరు

మాచర్లలో మేము కాపురం పెట్టిన మొదటి ఇంట్లో షవరు ఉండేది. ఎనభైల మొదట్లో అద్దె వాటాలో షవరంటే గొప్పే. ఇల్లు చూపించేటప్పుడు ఇంటాయన వంటగది కంటే ముందు స్నానాల గది తలుపు తీశాడు. "చూశావా అమ్మాయ్, గుంటూరు నించి తెప్పిచ్చి పెట్టిచ్చా" అన్నాడు. అది చూసే మేమూ ఒప్పుకున్నాం.

మా ఆయన నాపరాళ్ళ క్వారీలో మేస్త్రీ. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు, చెవులు, జుట్టు అంతా బూడిదరంగు దుమ్ము. చెంబుతో నీళ్ళు పోస్తే అది బంకలా అంటుకునేది. ధారగా పడితే తప్ప వదిలేది కాదు.

కొన్నాళ్ళు నీళ్ళు బాగానే పడ్డాయి. ఎండలు ముదిరేసరికి ధార సన్నబడి, తడిబట్ట పిండినట్టు చుక్కలు రాలడం మొదలైంది. ఆయన తలనిండా సబ్బు నురగతో, కళ్ళు మూసుకుని కేకేసేవాడు. నేను బకెట్టు మోసుకుని పరిగెత్తేదాన్ని.

ఇంటాయన్ని అడిగాం. "మనయి సున్నపు నీళ్ళు గదా. చిల్లులు పూడిపోయుంటయ్. ఇప్పి శుభ్రం చేసుకోండి" అన్నాడు. నమ్మాం. మా బిందెల అడుగునా తెల్లటి పొర ఉండేది మరి.

ఆదివారం మా ఆయన షవరు ఊడదీశాడు. ఇంటాయన పనిగట్టుకుని వచ్చి, మా గడప ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "ఆ పిన్నీసు లావయ్యా, సన్నది తే" అన్నాడు. నేను చింతపండు ఉడికించి ఆ రసంలో షవరు నానేశాను. "ఇంకాసేపు నాననియ్యి, తొందరేంది?" అన్నాడు. గుచ్చుతుంటే పిన్నీసు జారి మా ఆయన వేలికి దిగింది. నెత్తురు చూసి "జాగర్తయ్యా" అని కూడా అన్నాడు. మధ్యాహ్నం దాకా తోమితే షవరు తళతళలాడింది. బిగించి తిప్పితే మళ్ళీ అవే చుక్కలు.

"అయితే గొట్టంలోనే పేరుకుంది. దానికి మనమేం చేస్తాం!" అని స్టూలు తీసుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన అక్కడితో వదిలేశాడు. "పోనీలేవే, చెంబుతోనే పోసుకుంటా" అన్నాడు. నాకు మాత్రం మనసొప్పలేదు. మర్నాడు పొద్దున షవరు ఊడదీసి ఉత్త గొట్టానికి నీళ్ళు వదిలి చూశాను. దారప్పోగులా పడ్డాయి. అంటే తప్పు షవరుది కాదు, పైనే ఏదో ఉంది. అదే సమయానికి గోడ అవతల ఇంటాయన స్నానం చేస్తున్నాడు. రేకుల మీద వాన కురిసినట్టు చప్పుడు. ఒకటే బోరు, ఒకటే ట్యాంకు. సున్నం మా గొట్టాన్నే వెతుక్కుంటూ వచ్చిందా?

ఇంటావిడ్ని అడిగి, వడియాలు పెట్టే వంకతో పిండిగిన్నె పట్టుకుని మేడెక్కాను. ట్యాంకు కింద రెండు గొట్టాలు, ఒకటి వాళ్ళకి, ఒకటి మాకు. వాళ్ళ వాల్వు బార్లా తీసి ఉంది. మా వాల్వు దాదాపు మూతపడేదాకా తిప్పి, ఎవరూ కదపకుండా దాని చక్రాన్ని ఇనపతీగతో గొట్టానికి కట్టేసి ఉంది. తీగకి తుప్పు కూడా పట్టలేదు.

నాకు ముందు గుర్తొచ్చింది నీళ్ళు కాదు, ఆదివారం. ఈ తీగ కట్టిన చేతులతోనే స్టూలు తెచ్చుకుని, ఏ పిన్నీసు వాడాలో చెప్పాడే ఈ మనిషి! పిండిగిన్నె అక్కడే పెట్టేసి దిగాను.

ఇంటాయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

"బాబాయ్ గారూ, మా వాల్వుకి తీగ కట్టిందెవరండీ?"

పేపరు దించలేదు. "ఓ, అదా. ఎండాకాలం గదమ్మా, బోరు అడుక్కి పోతంది. మీ ఆయన చానాసేపు పోసుకుంటన్నాడు."

"ఆ మాట మాకు చెబితే తగ్గించుకోమా? మరి మా చేత పూటంతా పిన్నీసులతో గుచ్చించారెందుకు?"

"శుభ్రం చేసుకుంటే మీకు పోయిందేంది?"

పెద్దవాళ్ళ ముందు నేనెన్నడూ గొంతెత్తి ఎరగను. ఆ రోజు వీధి వినేలా అరిచాను. "ఆయన వేలు నెత్తురు కారుతుంటే చూస్తా కూర్చున్నారు! రాళ్ళ దుమ్ములో పడి వచ్చిన మనిషి కాసిని నీళ్ళు పోసుకుంటే మీ కళ్ళు మండాయా?"

ఇంటావిడ మజ్జిగ చిలుకుతున్న చేతులతోనే బయటికొచ్చింది. సంగతి విని ఆయన వైపు తిరిగింది. "నువ్వు కట్టావా? నాతో కూడా సున్నమనే చెప్పావే!"

"ఆడదానివి, నీకెందుకే ఇయ్యన్నీ?"

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. కిటికీలోంచి పటకారు తీసుకుని, "రా అమ్మాయ్" అని మెట్లెక్కింది. తీగ ఆవిడే తెంపింది. బిగుసుకుపోయిన చక్రాన్ని ఇద్దరం కలిసి తిప్పాం.

ఆ సాయంత్రం మా ఆయన ఒంటి మీది దుమ్ము బూడిదరంగు నీళ్ళై తూములోకి పారింది. లోపల్నించి కూనిరాగం వినిపించింది. జరిగింది చెబితే, "పెద్దాయన, పోనియ్యవే" అన్నాడు. ఇంటాయన మీది కోపంలో సగం మా ఆయన మీదికి మళ్ళింది. మోసపోయిన మనిషికే పట్టకపోతే ఎలా?

వానలు పడేదాకా ఒంటికి సబ్బు రుద్దుకునేటప్పుడు షవరు కట్టేసుకున్నాం, ఎవరూ చెప్పకుండానే. ఇంటాయన మాత్రం "పొరపాటైంది" అన్న ఒక్క ముక్క అనలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసేదాకా నేను మళ్ళీ ఆయన్ని బాబాయని పిలవలేదు.